మబ్బుల కింద మా క్వార్టరు

ఎనభైల్లో మా అనకాపల్లి వైపు ఎవరినైనా ఏజెన్సీకి బదిలీ చేశారంటే ఇరుగుపొరుగు పరామర్శకి వచ్చేవాళ్లు. వేళాకోళం కాదు, నిజంగానే వచ్చేవాళ్లు. నాన్నకి పాడేరు ఆర్డరు వచ్చిన రోజు పక్కింటి పిన్నిగారు అమ్మ చేతులు పట్టుకుని, "ఎవరి కాళ్లయినా పట్టుకుని ఆపించుకోండమ్మా, పిల్లలున్నారు" అంది. కొండజ్వరం అంటే అంత భయం. అందులోనూ మెదడుకెక్కే జ్వరం వస్తే మనిషి దక్కడని చెప్పుకునేవారు. తమాషా ఏమిటంటే నాన్న ఉద్యోగమే మలేరియా డిపార్ట్‌మెంటులో. జ్వరం ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిన మనిషి. "నన్ను పాడేరు వెయ్యకపోతే ఇంకెక్కడ వేస్తారే, వాల్తేరు బీచిలోనా?" అని అమ్మ మీద నవ్వేసి ట్రంకు పెట్టె సర్దుకున్నాడు. మేమూ వెనకాలే వెళ్లాం.

అప్పట్లో పాడేరు విశాఖ జిల్లాలో ఓ మూల. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక అదే జిల్లా కేంద్రం. టీవీలో ఆ వార్త చూసి నాన్న, "ఆ కలెక్టరాఫీసేదో నేనున్నప్పుడు పెట్టి ఉంటే టీఏ బిల్లుల కోసం విశాఖ తిరిగే పని తప్పేది" అన్నాడు. చోడవరం, మాడుగుల మీదుగా వెళ్లేది మా బస్సు. మాడుగులలో ఆగితే నాన్న హల్వా పొట్లం కొనేవాడు. గోధుమల పాలు తీసి, రోజుల తరబడి పులియబెట్టి, నేతిలో కలుపుతూ కూర్చుంటే గానీ అవ్వని హల్వా అది. ఘాట్‌లో వాంతులవుతాయని అమ్మ దాన్ని పాడేరు చేరేదాకా ముట్టుకోనిచ్చేది కాదు. అమ్మ చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఆ మలుపుల్లో సగం బస్సు కిటికీల్లోంచి తలలు బయటపెట్టేది. దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర డ్రైవరు బస్సు నెమ్మది చేసి దండం పెట్టుకునేవాడు. అప్పటిదాకా నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి చేతులు జోడించేవాళ్లు.

ఇప్పుడు ఫోన్లలో చూసేవాళ్లకి పాడేరు చలికాలమంటే మబ్బుల మీద సూర్యోదయం. కింద కాపురం చేసిన మాకు అదంతా ఉత్త మంచు. కార్తీకం వచ్చిందంటే రాత్రి ఎప్పుడో దిగేది, పొద్దున తొమ్మిదైనా లేచేది కాదు. అగ్గిపెట్టె గీస్తే వెలిగేది కాదు. ఉప్పు డబ్బాలో నీళ్లూరేవి. ఉతికిన బట్టలు రెండో రోజుకీ తడిగానే ఉండేవి, వాటిని కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టేది అమ్మ. బడిలో ప్రేయరు దగ్గర హెడ్మాస్టరు గొంతు మాత్రమే వినిపించేది, మనిషి కనిపించేవాడు కాదు. దాంతో వెనక వరసల్లో మా ఇష్టారాజ్యంగా ఉండేది. "ఈ దిక్కుమాలిన మంచు" అన్నది మా ఇంట్లో చలికాలమంతా రోజూ వినపడే మాట. దానికో పైభాగం ఉంటుందని, అక్కడ ఎండ కాస్తుంటుందని నాకు తట్టనే లేదు.

నాన్న పని పదిహేను రోజులకోసారి తిరిగొచ్చే పని. తన వాటాకి వచ్చిన ఊళ్లన్నీ ఆ పదిహేను రోజుల్లో చుట్టాలి. ప్రతి గడపలో "ఎవరికైనా జ్వరమా?" అని అడగాలి. ఉందంటే వేలు గుచ్చి గాజు పలక మీద రెండు చోట్ల రక్తం తియ్యాలి, ఒకటి మందంగా, ఒకటి పల్చగా. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చెయ్యాలి, పెద్దవాళ్లకి నాలుగు. వచ్చినట్టు గుర్తుగా ఇంటి గోడ మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. నాన్న అసలు పేరు ఆ కొండల్లో ఎవరికీ తెలీదు. 'నెత్తురు బాబు' అనేవారు. ఆ మాట వినగానే పిల్లలు ఇంటి వెనక్కి పారిపోయేవాళ్లు. మా అమ్మకి ఈ పేరు అస్సలు నచ్చేది కాదు. నాన్నకి మాత్రం భలే గర్వంగా ఉండేది.

సంక్రాంతి సెలవుల్లో ఓసారి నన్నూ తీసుకెళ్తానన్నాడు. 1988 జనవరి అది. ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, అంతకుముందు డిసెంబరు ఆఖర్లోనే గుర్తేడు దగ్గర ఐఏఎస్ ఆఫీసర్లని అన్నలు పట్టుకుపోయారు. జైల్లో ఉన్న తమవాళ్లని విడిపించుకున్నాకే వదిలారు. గుర్తేడు అప్పట్లో తూర్పు గోదావరి ఏజెన్సీలో ఉండేది, మాకు దగ్గరేం కాదు. అయినా రేడియోలో వార్తలు విన్న దగ్గర్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్.

"ఆఫీసర్లకే దిక్కులేదు, చంటోణ్ని వేసుకుని కొండల్లోకి పోతారా?" అంది.

"కలెక్టర్లని పట్టుకుపోతే వాళ్లకి పనవుతుంది. నెత్తురు చుక్కలు తీసుకునేవాణ్ని పట్టుకుపోయి ఏం చేసుకుంటారే?" అన్నాడు నాన్న.

పాడేరు నుంచి వంజంగి ఆరేడు కిలోమీటర్లు. సాయంత్రానికి నడిచి వెళ్లిపోయాం. ఆ ఊళ్లో ఒకాయన మందు కొట్టే సీజన్లో నాన్న దగ్గర కూలికి వచ్చేవాడు, డీడీటీ పంపు మోసేవాడు. నేను ఆయన్ని మావా అనేవాణ్ని. రాత్రి వాళ్లింట్లోనే పడక. పొయ్యి చుట్టూ చాపలు వేసుకుని పడుకోవడమే. సామన్నం, చిక్కుడు గింజల పులుసు అడ్డాకులో పెట్టింది వాళ్లావిడ. కారం ఎక్కువై నాకు కళ్లమ్మట నీళ్లు వస్తుంటే మావ నవ్వి, "గుంటడికి చలి వదిలిపోనాది బాబూ" అన్నాడు.

ఊరి వెనకాల కొండ. దాని అవతలి వాలులో ఓ చిన్న ఊరుంది, నాన్న లిస్టులో అదీ ఉంది. చుట్టుదారిలో పోతే పొద్దెక్కుతుంది, ఈలోగా జనం పొలాలకో అడవికో పోతారు, ఇళ్లల్లో ముసలాళ్లూ పిల్లలూ తప్ప ఎవరూ మిగలరు. జ్వరం ఉన్నవాడు కూడా నడవగలిగితే పనికి పోవాల్సిందే కదా. అందుకని చీకటితోనే కొండెక్కి అవతలికి దిగిపోదామన్నాడు మావ. అంటే మేం ఆ కొండ ఎక్కింది కొండ చూడటానికి కాదు, దాని అవతల జ్వరాలున్నాయేమో చూడటానికి. ఇప్పుడు ఈ సంగతి చెబితే మా అమ్మాయి నమ్మలేనట్టు మొహం పెట్టింది.

కోడి కూసే వేళకి బయల్దేరాం. నాన్న చేతిలో మూడు బ్యాటరీల టార్చి. మంచులో ఆ వెలుతురు రెండు బారల దూరం పోయి ఆగిపోయేది. నా నెత్తిన మంకీ క్యాపు, కాళ్లకి బడికి వేసుకునే బూట్లు. మావకి చెప్పుల్లేవు, ఒంటి మీద గోనెపట్టా కప్పుకున్నాడు. ఎర్రమట్టి తడిసి జారిపోతోంది, మోకాళ్ల దాకా గడ్డి, లాగు తడిసి తొడలకి అతుక్కుపోయింది. పలకల పెట్టె ఇస్తే మోస్తానని మావ అడిగాడు. నాన్న ఇవ్వలేదు. గాడులున్న చెక్కపెట్టె అది, దాన్ని చంకలో పెట్టుకుని ఎక్కాడు ఆ కొండంతా. ఓ చోట కాలు జారితే మోచెయ్యి నేలకేసి గుద్దుకున్నాడు గానీ పెట్టె కింద పెట్టలేదు. దారిలో ఓ గెడ్డ దాటుతూ, "ఇదిగో, మెల్లగా పారుతున్నాయే ఇలాంటి నీళ్లు, వీటి ఒడ్డునే పుడుతుందిరా మన దోమ. మురుగ్గుంటల్లో వెతికితే దొరకదు" అని పాఠం చెప్పాడు. ఆయనకి ఎక్కడైనా దోమలే.

కొంత ఎక్కాక గడ్డి పోయి రాళ్లు వచ్చాయి. నా బూటు ముందు నా బూటే కనిపించనంత దట్టంగా ఉంది మంచు. మావ వీపు మీద గోనెపట్టా అంచు పట్టుకుని నడుస్తున్నాను. అలా తలొంచుకుని నడుస్తూ ఎందుకో ఒకసారి పైకి చూశాను. నక్షత్రాలు! పాడేరు వెళ్లాక చలికాలంలో నేను నక్షత్రాలు చూసింది అదే. ఇంకో పది అడుగులు వేసేసరికి మంచు నా నడుం దగ్గర ఉంది. వెనక్కి తిరిగి చూస్తే నాన్న తలా భుజాలూ మాత్రమే కనిపిస్తున్నాయి, మిగతా మనిషి లేడు. ఇంకో పది అడుగులకి మోకాళ్ల దగ్గర, తరవాత అరికాళ్ల కింద.

ఇంకో విచిత్రం, చలి తగ్గింది. కొండపైకి పోయేకొద్దీ చలి పెరుగుతుందని పుస్తకంలో చదువుకున్నాం. ఇక్కడేమో మంకీ క్యాపులో చెమట పట్టింది. నాన్నని అడిగితే, "ఎక్కొచ్చావు కదరా, ఒళ్లు వేడెక్కింది" అన్నాడు. నాకు సరిపోలేదు ఆ జవాబు. చాలా కాలం తరవాత కాలేజీలో ఓ ఫిజిక్స్ లెక్చరరు చెప్పాడు అసలు సంగతి. మబ్బులేని చలికాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసుకుంటుంది. నేలనంటుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట నీళ్లలాగే కిందికి జారి లోయలో చేరుతుంది. అందులోని తేమ మంచవుతుంది. దాని మీద ఉన్న గాలి అంతకంటే వెచ్చగా ఉండి మూత పడిపోతుంది. అందుకే ఆ మంచు పైభాగం కత్తితో కోసినట్టు సమంగా ఉంటుంది, అందుకే పైన చలి తక్కువ. ఎండ నేలదాకా దిగి మళ్లీ వేడెక్కిస్తే గానీ ఆ మూత ఊడదు. లెక్చరరు బోర్డు మీద గీత గీస్తుంటే నాకు నా అరికాళ్ల కింద మంచు గుర్తొచ్చింది.

పైకి చేరేసరికి తూర్పున ఎరుపు మొదలైంది. వెలుగు పెరిగేకొద్దీ కింద తెల్లగా పరుచుకున్నది కనిపించింది. పొంగిన పాలు గిన్నె అంచు దాకా వచ్చి ఆగిపోయినట్టుంది. కొండల తలలు మాత్రం నల్లగా అక్కడక్కడా పైకి లేచి ఉన్నాయి. ఊరు లేదు, రోడ్డు లేదు, పొలం లేదు. నేను మాట్లాడలేదు. నాన్న కూడా పెట్టె ఓ రాతి మీద పెట్టి, దాని పక్కన కూర్చుని, చాలాసేపు ఊరుకున్నాడు. ఇంట్లో ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉన్నది జీతం ఆలస్యమైన నెలల్లో తప్ప నాకు గుర్తులేదు.

మాకు బడిలో తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం అరోమకొండ, 1680 మీటర్లు అని బట్టీ పట్టించేవారు. "ఇదేనా నాన్నా అరోమకొండ?" అన్నాను. "కాదు, దీని పేరు మీ సోషల్ పుస్తకంలో ఉండదు" అన్నాడు. మేమున్నది వెయ్యి మీటర్లు దాటిన ఎత్తు, అంతే. ఆ చుట్టుపక్కల కొండలతో పోలిస్తే అది పెద్ద కొండేం కాదు.

ఎదురు వాలులో మంచుకి పైన ఓ నాలుగు గుడిసెలున్న చోట పొయ్యి వెలిగించారు. పొగ నిటారుగా లేచి, కొంత ఎత్తుకి పోయాక ఇంక పైకి పోకుండా అడ్డంగా పరుచుకుంది. "పొగ చూడరా, పైకి పోకుండా పడుకుంది" అన్నాడు నాన్న. కింద్నుంచి చప్పుళ్లు మాత్రం బాగా వినిపిస్తున్నాయి. కోళ్లు, కుక్కలు, ఎవరో పశువుల్ని అదిలించడం. పాడేరు దిక్కు నుంచి సన్నగా ఆర్టీసీ బస్సు హారను. మొదటి బస్సు అది, దాని టైము మా అందరికీ తెలుసు. ఆ టైముకి అమ్మ లేచి తడి కట్టెలతో కుస్తీ పడుతుంటుంది. అంటే ఈ తెల్లదనం కింద ఎక్కడో మా క్వార్టరుంది, అందులో అమ్మ దగ్గుతూ పొయ్యి ఊదుతూ 'దిక్కుమాలిన మంచు' అని తిట్టుకుంటోంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ ఎందుకో తెలీదు. మావ చూసి, "ఆకలేస్తందేటో గుంటడికి" అని బుర్ర విప్పి చోడంబలి పోశాడు. ఎండిన ఆనపకాయ బుర్ర అది. అంబలి చల్లగా, పుల్లగా ఉంది. నాకు నిజంగానే ఆకలేస్తోంది.

ఎండ కాస్త పైకొచ్చాక మేం దిగాల్సిన పడమటి వైపుకి తిరిగాం. ఆ లోయలోనూ మంచే. దాని మీద మా మూడు నీడలు పడ్డాయి, పొడుగ్గా. నా నీడ తల చుట్టూ గుండ్రంగా రంగుల ఉంగరం ఉంది. లోపల పసుపు, అంచున ఎరుపు, మళ్లీ సన్నగా ఇంకో చుట్టు. ఇంద్రధనుస్సుని ముక్క చేసి నెత్తిన పెట్టినట్టు కాదు, పూర్తిగా గుండ్రం. కేలండర్లలో దేవుళ్ల తలల వెనక వేస్తారే, అదే. నేను కేక పెట్టాను, "నాన్నా, నా తల చుట్టూ చూడు!"

నాన్న చూశాడు. "నీ తల చుట్టూ ఏం లేదురా. నా తల చుట్టూ ఉంది."

"లేదు నాన్నా, నీకేం లేదు. నాకే ఉంది."

"కళ్లు నులుముకుని చూడు."

మావ నెమ్మదిగా, "తమరిద్దరికీ నేదు బాబూ, నాకే ఉన్నాది" అన్నాడు.

కొండ మీద ముగ్గురం కాసేపు దెబ్బలాడుకున్నాం. నాన్న ఊరుకునే రకం కాదు. నన్ను నాలుగడుగులు పక్కకి పొమ్మన్నాడు, పోయాను. ఉంగరం నాతోపాటే వచ్చింది, ఆయన మాత్రం తన దగ్గరే ఉందన్నాడు. నా మంకీ క్యాపు తీసి ఆయన పెట్టుకున్నాడు, ఏమీ మారలేదు. చెయ్యెత్తి ఊపాడు, ఆయన నీడ చెయ్యి ఊపింది, దాని తల మామూలుగానే ఉంది. చివరికి నన్ను దగ్గరికి లాక్కుని తన చెంప నా చెంపకి ఆనించి నించున్నాడు. అప్పుడు రెండు నీడలూ ఒకటైపోయి, ఇద్దరికీ ఒక్కటే ఉంగరం కనిపించింది. ఆయన గడ్డం గరగర, ఒంటి మీద స్పిరిట్ వాసన. "ఎవడిది వాడికే కనిపిస్తోందిరా, పక్కవాడిది కనిపించట్లేదు" అని తేల్చాడు. గుండ్రాన్ని ఇంకోసారి తేరిపార చూసి, వాచీ చూసుకుని, "పద పద, జ్వరాలోళ్లు పనుల్లోకి పోతారు" అన్నాడు.

అవతలి ఊళ్లో ఆ రోజు ఎంతమందికి వేళ్లు గుచ్చాడో నాకు గుర్తులేదు. ఒక ముసలమ్మ మాత్రం గుర్తుంది. మాత్రలు చేతిలో పెట్టించుకుని తరవాత వేసుకుంటానంది. నాన్న కదల్లేదు. "నా ఎదురుగా మింగు, నే పోతాను" అని గడపలో కూర్చుండిపోయాడు. చేదు కదా, జనం తీసుకెళ్లి పెరట్లో పారేసేవాళ్లు. ఆవిడ తిట్టుకుంటూ నాలుగూ మింగింది. అప్పుడు లేచి గోడ మీద తేదీ వేశాడు.

తరవాత మాకు మైదానానికి బదిలీ అయింది, చదువులు, హైదరాబాదులో నా ఉద్యోగం. ఏజెన్సీ మా మాటల్లోంచి మెల్లగా పోయింది. ఒకరోజు ఆఫీసులో లంచ్ టైములో ఓ కుర్రాడు ఫోన్లో వీడియో చూపించి, "సార్, మీ వైపేనట, మేఘాల కొండ, వెళ్దామా?" అన్నాడు. వంజంగి అని పేరు చూడకముందే గుర్తుపట్టాను, ఎదురుగా నల్లగా లేచిన ఆ కొండ తలల వరసని బట్టి. ఇంటికొచ్చి అనకాపల్లికి ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. ఎనభై దాటినా ఆయన నోరు తగ్గలేదు. "ఆ కొండెక్కినందుకు నాకు గవర్నమెంటు జీతమిచ్చిందిరా. ఇప్పుడు మీరు డబ్బులు కట్టి ఎక్కుతారా?" అన్నాడు.

డబ్బులు కట్టే ఎక్కాం. కిందటి చలికాలం నేనూ మా అమ్మాయీ వెళ్లాం. తెల్లవారుజామున మూడింటికే పాడేరు దాటాక కార్ల వరస. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నంబర్లు. టికెట్టు, పార్కింగు, కొంతదూరం జీపులు, ఆపైన నడక. దారి పొడుగునా ఫోన్ టార్చిల వెలుగు. వేడివేడి నూడుల్స్, బొంగు చికెన్, అద్దె గుడారాలు, అద్దె స్వెట్టర్లు కూడా. ఒకడెవడో బ్లూటూత్ స్పీకర్ మెడలో వేసుకుని కొండెక్కుతున్నాడు, వాణ్ని మాత్రం నేను క్షమించలేను. పొదల్లో ప్లాస్టిక్ సీసాలు కూడా ఉన్నాయి, వద్దని బోర్డులు పెట్టినా. కానీ కొండ పాడైపోయిందని గుండెలు బాదుకోవడం నా వల్ల కాదు. మావలాంటి వాళ్లకి ఆ రోజుల్లో చలికాలంలో కూలి దొరికేది కాదు. ఇవాళ ఆ ఊరి కుర్రాళ్లు జీపులు నడుపుతున్నారు, గుడారాలు వేస్తున్నారు. మంచు వల్ల నాలుగు డబ్బులు చూస్తున్నారంటే మా అమ్మ కూడా ఆ తిట్టు వెనక్కి తీసుకునేదేమో. ఆవిడ ఇప్పుడు లేదు.

సూర్యుడు బయటికి రాగానే ఈలలు, చప్పట్లు. అందరి ఫోన్లూ తూర్పుకే. ఇరవై నిమిషాల్లో సగం మంది దిగడం మొదలుపెట్టారు. నేను మా అమ్మాయిని పడమటి అంచుకి లాక్కెళ్లాను. "నాన్నా, సన్ అటు ఉంటే మనం ఇటు ఎందుకు?" అంటూ వచ్చింది. లోయలో మంచుంది, మా నీడలున్నాయి. కాసేపు ఏమీ లేదు. పల్చని పొర ఒకటి పైకి లేచి నీడల దాకా వచ్చింది. ఉంగరం పడింది.

"ఓ మై గాడ్, నా హెడ్ చుట్టూ!" అంది.

నేనేమీ అనకుండా నా ఉంగరం నేను చూసుకున్నాను.

ఫోటో తీసింది. తీసింది చూసుకుని ఇంకా ఆశ్చర్యపోయింది. ఫోటోలో గుండ్రం మధ్యలో ఉన్నది తన తల కాదు, ఫోను పట్టుకున్న చెయ్యి. వెలుతురు ఆ నీటి బిందువుల్లోకి పోయి, వచ్చిన దారినే వెనక్కి తిరిగొస్తుంది, చూసే కన్ను ఎక్కడుంటే గుండ్రానికి అదే నడిమధ్య, కెమెరా అయితే కెమెరాయే అని చెప్పాను. విమానం కిటికీలోంచి కింద మబ్బు మీద విమానం నీడని చూసినా దాని చుట్టూ ఇలాంటిదే ఉంటుంది. ఎండ తగలని వైపు సీటు దొరకాలి, అంతే.

దిగేటప్పుడు ఓ చిన్న కాఫీ కొట్టు దగ్గర ఆగాం. పేపరు కప్పుల్లేవు, స్టీలు గ్లాసులు. "ఇక్కడే, నా ఎదురుగా తాగేసి గ్లాసు ఇచ్చెయ్యండమ్మా, పట్టుకుపోతన్నారు" అంది కొట్టావిడ. ఆ కాఫీ వాళ్ల తోటదే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ. నా చిన్నప్పుడు ఇక్కడ కాఫీ పెంచేవాళ్లు కాఫీ తాగడం నేను చూడలేదు. వాళ్లకి అంబలే. ఇప్పుడు అరకు కాఫీకి పేరొచ్చింది, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈవిడ తన గ్లాసులో రెండు చెంచాల పంచదార వేసుకుని మాతోపాటు కూర్చుని తాగింది. అవతలి ఊరి గురించి అడిగాను. రోడ్డు పడిందట. జ్వరాలొస్తే ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి కిట్టు మీద చుక్క వేస్తుందట, పావుగంటలో గీత పడితే మలేరియా. మావ గురించీ అడిగాను. డీడీటీ పంపు మోసినాయన అంటే ఆవిడకి ఎవరో తెలియలేదు.

సాయంత్రానికి మాడుగుల హల్వా పట్టుకుని అనకాపల్లి చేరాం. మా అమ్మాయి నాన్నకి ఫోటో చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, "మధ్యలో ఈ చెయ్యెవరిది?" అన్నాడు. నాదే తాతయ్యా అంది. "మరి మీ నాన్నకి ఉంగరం లేదేం?" అని నన్ను చూసి నవ్వాడు. అంతే, ఫోను పక్కన పెట్టేశాడు. మబ్బుల గురించి ఇంకొక్క మాట అడగలేదు.

"అవతలి ఊళ్లో జ్వరాలు తగ్గాయా?" అన్నాడు.

నేను కిట్టు సంగతి చెప్పాను. చుక్క, పావుగంట, గీత. పలకలు మొయ్యక్కర్లేదు, రిపోర్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. శ్రద్ధగా విన్నాడు.

"గీత సరేరా. మాత్రలో? చేతికిచ్చి పోతున్నారా, ఎదురుగా మింగిస్తున్నారా?"

నేను ఏదో చెప్పబోయేలోపు మా అమ్మాయి హల్వా నోట్లో పెట్టుకుని, "మింగించే ఉంటారు తాతయ్యా. మాకు కాఫీ కూడా ఎదురుగానే తాగించారు" అంది.